లేసు మ్యాట్ ముడుచుకుపోతే: నా అనుభవం
నర్సాపురం వెళ్ళిన గుర్తుగా ఒక లేసు మ్యాట్ కొన్నాను. దారం, క్రోషియా సూది కూడా తీసుకుని, అంతర్వేది దారిలో ఇంకోటి మొదలుపెట్టాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లికకి 2024లో జీఐ (ఈ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇల్లు చూసుకుంటూనే అల్లే ఆడవాళ్ళకి దక్కాల్సిన గౌరవమే అది.

ఇంటికొచ్చేసరికి కొన్నది ముడతలు పడింది, నేను అల్లింది గిన్నెలా లోతుగా తయారైంది. అలా లోతు పడితే వరుసకి కుట్లు తక్కువ పెరిగినట్టు. అంచు అలలుగా లేస్తే ఎక్కువైనట్టు. చివరి వరుసలు విప్పి, కుట్లు పెంచి అల్లాను. తర్వాత రెండిటినీ చన్నీళ్ళలో నానబెట్టి, మెలిపెట్టకుండా తువ్వాలులో అద్ది, పల్చటి గంజిలో ముంచాను. థర్మాకోల్ మీద పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో అంచులు లాగి గుచ్చాను. నీడలో పూర్తిగా ఆరాకే సూదులు తీయండి, తడి ఉండగా తీస్తే మళ్ళీ ముడుచుకుంటుంది.