మార్కులున్నాయి, వార్డులో చెయ్యి ఆడటం లేదు: నర్సింగ్ పరీక్షల్లో తేడా ఎక్కడొస్తోంది, ఎలా సరిచేయాలి

బెంగళూరు నర్సింగ్ కాలేజీల్లో పనిచేసే తెలుగు ట్యూటర్లం చాలామందే ఉన్నాం. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివే పిల్లలూ ఎక్కువే. ఇంటర్నల్స్ (కాలేజీలోనే పెట్టే పరీక్షలు) అయిపోయిన వారంలో ఏ స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నా "ఈ బ్యాచ్ పిల్లలకి ఏమీ రాదండీ" అన్న మాట ఒకసారైనా వినపడుతుంది. నిజంగానే రాకపోవచ్చు. కానీ బీపీ మిషన్ తేడాగా చూపిస్తే వెంటనే మందు మార్చేయం కదా, ముందు కఫ్ సైజు చూస్తాం. ఇక్కడా అంతే, మార్కులు తేడాగా కనిపిస్తే ముందు మనం పెట్టిన పరీక్షను అనుమానించాలి. తరచూ ఎదురయ్యే సమస్యలు, వాటి వెనక ఉండే కారణాలు, ఏం చేస్తే పని జరుగుతుందో కింద రాస్తున్నాను.

సమస్య: థియరీలో 75కి 60 వచ్చిన అమ్మాయి వార్డులో డ్రిప్ ముందు నిలబడిపోతోంది

కారణం పేపర్లోనే ఉంటుంది. పాత ఇంటర్నల్ పేపర్లు తీసి ప్రశ్నల్లో క్రియాపదాలు మాత్రం చదవండి: నిర్వచించండి, జాబితా రాయండి, వివరించండి. ఇవన్నీ "తెలుసా" అని అడిగేవే. వైద్య విద్యలో పరీక్షల మీద పనిచేసిన జార్జ్ మిల్లర్ 1990లోనే ఈ సంగతిని నాలుగు మెట్లుగా చెప్పాడు: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపించగలదు, నిజంగా పనిలో చేస్తోంది. మొదటి మెట్టు మీద పరీక్ష పెట్టి నాలుగో మెట్టు మీద ఫలితం కావాలంటే రాదు.

సరిచేయడానికి సిలబస్ మార్చనక్కర్లేదు, ప్రశ్న మారిస్తే చాలు. "డ్రిప్ రేటు లెక్కించే సూత్రం రాయండి" అనే బదులు ఇలా అడగండి: "4 గంటల్లో 500 ఎం.ఎల్. నార్మల్ సెలైన్ ఎక్కించమని ఆర్డర్ ఉంది. సెట్ మీద ఎం.ఎల్.కు 20 చుక్కలు అని ఉంది. గంట తర్వాత నువ్వు వెళ్లి చూస్తే 250 ఎం.ఎల్. అయిపోయింది. రోగికి 68 ఏళ్లు, గుండె జబ్బు ఉంది. వరసగా ఏమేం చేస్తావు?"

మొదట పెట్టాల్సిన రేటు నిమిషానికి సుమారు 42 చుక్కలు అన్నది ఇందులో చిన్న ముక్క మాత్రమే. గంటకు 125 వెళ్లాల్సింది రెట్టింపు వెళ్లిందని ఆమె పట్టుకుందా? డ్రిప్ తగ్గించి, ఆయాసం ఉందా, పల్స్ ఎలా ఉంది, బీపీ ఎంత, ఊపిరితిత్తుల్లో శబ్దాలు ఉన్నాయా అని ముందు రోగిని చూసిందా? డాక్టర్‌కు చెప్పి మిగతాది ఏ రేటులో ఇవ్వాలో అడిగిందా, చార్టులో రాసిందా? మిగిలిన 250ని 3 గంటలకు సర్ది "నిమిషానికి 28 చుక్కలు" అని లెక్క మాత్రం కచ్చితంగా రాసి, రోగి వైపే చూడని జవాబుకు ఎక్కువ మార్కులు పడకూడదు. ఆన్సర్ కీ రాసేటప్పుడే ఈ సంగతి తేల్చుకుని మార్కులు విడగొట్టి పెట్టుకోండి, పేపర్లు దిద్దేటప్పుడు ఆలోచిద్దాంలే అనుకుంటే ఓపిక అయిపోయిన సాయంత్రం లెక్కకే మార్కులు వేసేస్తాం.

ఇంకొకటి, బ్లూప్రింట్, అంటే పేపర్ పథకం. ఏ యూనిట్‌కి ఎన్ని గంటలు పాఠం చెప్పామో, దానికి ఎన్ని మార్కుల ప్రశ్నలు పడ్డాయో పక్కపక్కన ఒక పేజీలో రాసుకుంటే సగం గొడవలు పేపర్ ప్రింట్‌కి వెళ్లకముందే బయటపడతాయి.

సమస్య: ప్రాక్టికల్‌లో ఒకే అమ్మాయికి ఒక మేడమ్ 20కి 9 వేస్తే, ఇంకో మేడమ్ 16 వేసింది

దీనికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. ఒకటి, చెక్‌లిస్ట్ లేకపోవడం, ఉన్నా అందులో మాటలు మసకగా ఉండడం. రెండోది, మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1920లో హేలో ఎఫెక్ట్ అని పేరు పెట్టిన సంగతి: యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుని, ఇంగ్లీషు గడగడా మాట్లాడే పిల్లకు చేతి పని కూడా బాగా వచ్చినట్టే మనకు కనిపిస్తుంది. పల్లెటూరి నుంచి వచ్చి మాట తడబడే పిల్ల దీనివల్ల ఎంత నష్టపోతుందో, దగ్గరగా చూసే మనకు తెలియాలి.

కాథెటర్ (మూత్రం గొట్టం) వేయడాన్నే తీసుకోండి. "ఎసెప్టిక్ టెక్నిక్ (క్రిములు చేరకుండా చేసే పద్ధతి) పాటించింది: 5 మార్కులు" అని రాస్తే ఒక్కో ట్యూటర్ ఒక్కోలా చదువుతుంది. అదే చూడగలిగిన పనులుగా రాయండి: స్టెరైల్ టవల్ పరిచాక దాని మీదుగా చెయ్యి చాచలేదు, రోగి చర్మాన్ని ముట్టుకున్న చేత్తో మళ్లీ కాథెటర్ ముట్టుకోలేదు, గ్లవ్ తొడకు తగిలితే గమనించి మార్చుకుంది. ఈ చివరిదానికి నేను విడిగా ఒక గడి ఉంచమంటాను. గ్లవ్ తగలడం ఎవరికైనా జరుగుతుంది, తగిలిందని గమనించి "మేడమ్, గ్లవ్ మార్చుకుంటాను" అని ఆగే అమ్మాయి, ఏమీ కానట్టు కొనసాగించే అమ్మాయి ఒకటి కాదు. అలాగే కొన్ని మెట్లను తప్పనిసరి అని గుర్తు పెట్టాలి. రోగి ఎవరో సరిచూడకుండా మందు ఇస్తే మిగతావన్నీ చక్కగా చేసినా ఆ పరీక్ష పాస్ కాకూడదు.

పరీక్షకు ముందు ట్యూటర్లందరూ ఒకే ప్రొసీజర్ వీడియో చూసి, ఎవరికి వారు మార్కులు వేసి, ఆ తర్వాత పోల్చుకోవాలి. రెండు మార్కులకు మించి తేడా వచ్చిన ప్రతి గడి దగ్గర ఎందుకొచ్చిందో మాట్లాడుకోండి. గంట పని, కానీ పిల్లలు "నాకు ఆ మేడమ్ పడకపోతే బాగుండు" అని దేవుడికి దండం పెట్టుకునే పరిస్థితి తగ్గుతుంది.

సమస్య: హిస్టరీ (రోగిని అడిగి జబ్బు వివరాలు) తీసుకోవడంలో తెలుగు పిల్లలకు ఎప్పుడూ తక్కువే

ఇది బెంగళూరులో ప్రత్యేకంగా చూడాల్సింది. ఇక్కడి వార్డులో ఒక బెడ్ మీద కన్నడ, పక్క బెడ్ మీద తమిళం, ఆ పక్కన ఉర్దూ. మదనపల్లె నుంచి వచ్చిన ఫస్ట్ ఇయర్ అమ్మాయికి మండ్య నుంచి వచ్చిన పెద్దాయనను ఇచ్చి, పావుగంటలో హిస్టరీ తెమ్మంటే సగం గడులు ఖాళీగానే వస్తాయి. అదే అమ్మాయికి హిందూపురం నుంచి చికిత్సకు వచ్చిన రోగిని ఇచ్చి చూడండి, నొప్పి ఎప్పుడు మొదలైందో, ఇంట్లో ఇంకెవరికి షుగర్ ఉందో, వాడుతున్న మాత్ర రంగేమిటో కూడా రాసుకొస్తుంది. అంటే ఆ పరీక్ష కొలిచింది హిస్టరీ తీసే నైపుణ్యాన్ని కాదు, కన్నడాన్ని.

కన్నడం అక్కర్లేదని కాదు, రోగి కోసం అది కావాల్సిందే. అయితే రెండింటినీ విడివిడిగా కొలవండి. హిస్టరీ అసెస్‌మెంట్‌కి పిల్లకు వచ్చిన భాషలో మాట్లాడే రోగిని ఇవ్వండి, దొరక్కపోతే సీనియర్ విద్యార్థినినే రోగిగా కూర్చోబెట్టి కేసు నేర్పించండి. వార్డు కన్నడానికి మొదటి సెమిస్టర్‌లోనే "నోవు ఎల్లిదె" (నొప్పి ఎక్కడుంది), "ఊట ఆయ్తా" (భోజనం అయిందా) లాంటి రోజూ వాడే ప్రశ్నల చీటీ ఒకటి తయారుచేసి నేర్పించి, దాన్ని వేరుగా చూడండి.

సమస్య: ఓస్కీలో (ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో పని చేయించి, చెక్‌లిస్ట్‌తో మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్షలో) క్లాసంతా 90 శాతం పైనే

సంతోషపడకముందు రెండో బ్యాచ్ మార్కులు మొదటి బ్యాచ్ కన్నా బాగా ఎక్కువగా ఉన్నాయేమో చూడండి. ఉంటే స్టేషన్లలో ఏం అడుగుతున్నారో మధ్యాహ్నం భోజనాల దగ్గరే బయటికి పోయిందన్నమాట. రెండు బ్యాచ్‌లు కలవకుండా వేరే గదిలో కూర్చోబెట్టడం, అదే నైపుణ్యానికి వేరే కేసు పెట్టడం ఆనవాయితీ చేసుకోవాలి.

రొనాల్డ్ హార్డెన్ బృందం స్కాట్లండ్‌లోని డండీలో 1975లో ఈ పద్ధతి తెచ్చింది అందరికీ ఒకే ప్రశ్న, ఒకే కొలత ఉండాలని. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్‌లోనూ ఇది ఉంది. కానీ చెక్‌లిస్ట్ బట్టీ పట్టి మానికిన్‌కి (మనిషి బొమ్మకు) అప్పజెప్పే స్టేషన్ వల్ల ఏమీ తెలియదు. మందు ఇచ్చే స్టేషన్‌లో మధ్యలో రోగి పాత్రధారి "నాకు పెన్సిలిన్ పడదమ్మా" అనాలి. అక్కడ చెయ్యి ఆగుతుందా లేదా అన్నదే మనం చూడాల్సింది.

సమస్య: ఎంసీక్యూలో (నాలుగింటిలో సరైనది ఎంచుకునే ప్రశ్నలో) బాగా చదివేవాళ్లే తప్పు పెట్టారు

ఐటమ్ ఎనాలిసిస్, అంటే ఒక్కో ప్రశ్న బాగా చదివేవాళ్లను మిగతావాళ్ల నుంచి విడదీస్తోందా అని చూసే లెక్క చేయండి, కాలిక్యులేటర్ చాలు. 60 మంది క్లాసులో మొత్తం మార్కుల్లో పైన ఉన్న 27 శాతం, అంటే 16 మందిని, అలాగే కింది 16 మందిని తీసుకోండి. పైవాళ్లలో 6 మంది, కిందివాళ్లలో 10 మంది సరిగ్గా పెట్టారనుకోండి, 6 నుంచి 10 తీసేసి 16తో భాగిస్తే మైనస్ 0.25. మైనస్ వచ్చిందంటే సాధారణంగా కీ తప్పయినా అయ్యుండాలి, ప్రశ్నకు రెండు అర్థాలైనా ఉండాలి. 0.3, ఆపైన ఉంటే మంచి ప్రశ్న, 0.2 కంటే తక్కువైతే తిరగరాయాలి. కీ తప్పయితే దిద్ది పేపర్లు మళ్లీ లెక్కించండి, ప్రశ్నే తప్పయితే అందరికీ మార్కు ఇచ్చేయండి. పిల్లల్ని తిట్టే ముందు ఈ చిన్న లెక్క వేయడం మన బాధ్యత.

సమస్య: లాగ్‌బుక్ (వార్డులో చేసిన పనులు రాసుకునే పుస్తకం) నిండుగా ఉంది, పని రాదు

ట్యూటర్ సంతకాలన్నీ పోస్టింగ్ (వార్డు డ్యూటీ) చివరి రోజున పడ్డాయి, అంతే. అదే రోజు, బెడ్ దగ్గరే సంతకం పెట్టండి. చూసిందా, సాయం చేసిందా, స్వయంగా చేసిందా అని మూడు గడులు ఉంచండి. డిగ్రీ రావాలంటే క్లినికల్‌లో 100 శాతం హాజరు ఉండాలన్నది కౌన్సిల్ నియమం, కానీ హాజరు వేరు, పని రావడం వేరు.

సమస్య: ఫెయిల్ చేయాల్సిన పిల్లను ఫెయిల్ చేయలేకపోతున్నాం

కారణం మనసు మెత్తనవడం మాత్రమే కాదు, చేతిలో రాతపూర్వకంగా ఏమీ లేకపోవడం. పోస్టింగ్ చివర్లో ఒక్కసారిగా "నీకు రాదు" అంటే తల్లిదండ్రులు వచ్చి "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మేడమ్" అని అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. దీనికి మందు పోస్టింగ్ సగంలో ఇచ్చే ఫీడ్‌బ్యాక్. "ఇంప్రూవ్ అవ్వాలి" అని రాస్తే ఆమెకు ఏమీ అర్థం కాదు. "ఇంజెక్షన్ లోడ్ చేసేటప్పుడు వయల్ మీద పేరు ఒక్కసారే చదివావమ్మా, మూడుసార్లు చదవాలి, రేపు నా ముందు చేసి చూపించు" అని చెప్పి, తేదీ వేసి, ఆమె సంతకం తీసుకోండి. రీ-టెస్ట్ అదే వారంలో, వేరే రోగి దగ్గర, వీలైతే వేరే ట్యూటర్ ముందు పెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ పోస్టింగ్ మళ్లీ చేయించమని క్లాస్ కోఆర్డినేటర్‌కు రాసి, ఈ కాగితాలన్నీ జతచేయండి.