నడి సెంటర్లో ట్రామ్ పట్టాలు: ఎక్కడ చెడుతుంది, ఎందుకు, ఏం చేయాలి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ట్రామ్ లేదు. మనకు దగ్గర్లో నడిచింది మద్రాసులో, అదీ 1895లో మొదలై 1953లో ఆగిపోయింది. ట్రంకు రోడ్డు మీద బస్సు నత్తనడక నడిచినప్పుడు మాత్రం ‘రోడ్డు మీదే లైట్ రైలు వేస్తే పోదా’ అనేవాళ్లు కనబడతారు. వేయొచ్చు. నేరుగా ఉన్న రోడ్డు మీద పట్టా పరవడం పెద్ద విద్య కాదు. నెల్లూరులోని గాంధీబొమ్మ, వీఆర్సీ, ఆత్మకూరు బస్టాండు లాంటి సెంటర్లు దాటించడంలోనే అసలు తంటా. ట్రామ్‌లు వేసిన ఊళ్లలో పదేపదే ఎదురైన ఇబ్బందులను మన నేలకూ మన వానకూ అన్వయించి కింద ఇస్తున్నాం. లెక్కలన్నీ 1435 మి.మీ. గేజి (రెండు పట్టాల మధ్య దూరం), 750 వోల్టుల డీసీ కరెంటు, 30 మీటర్ల పొడవు బండి అనుకుని వేసినవి.

తవ్విన ప్రతిచోటా ఏదో ఒక పైపు తగులుతోంది, పని ముందుకు సాగడం లేదు

కారణం: మ్యాపు ఒకటి చెబుతుంది, నేల ఇంకొకటి చెబుతుంది. పాత మంచినీళ్ల లైను, దాని పక్కనే వేసిన కొత్త లైను, డ్రైనేజీ, 11 కేవీ కేబులు, టెలిఫోను, ఫైబర్ అన్నీ సెంటర్లోనే ఒకదాని మీద ఒకటి దాటుతాయి. స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో కొంప ముంచినవాటిలో ఇదొకటి. అక్కడ 2011 నాటికి నడవాల్సిన ట్రామ్ 2014 మే 31న గానీ నడవలేదు. ఖర్చు 77.6 కోట్ల పౌండ్లకు చేరింది, అదీ అనుకున్న లైను కుదించుకున్నాక.

పరిష్కారం: పట్టాల టెండరు పిలవకముందే, కింద ఏముందో చూడటానికి ట్రయల్ గుంతలు తీయాలి. సెంటర్ లోపల 10 మీటర్లకొకటి, అటూ ఇటూ రోడ్లలో 25 మీటర్లకొకటి చాలు. మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు, చివరి అర మీటరు జేసీబీతో కాకుండా గడ్డపారతో. రాడార్ యంత్రం తిప్పితే సరిపోతుందని కొందరంటారు. తడి బంకమట్టిలో రాడార్ మీటరు లోతు కూడా సరిగా చూడలేదు. కేబులు వెతికే లొకేటరుకేమో ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపూ పీవీసీ పైపూ కనబడవు. గుంతకు ప్రత్యామ్నాయం లేదు.

మార్చే వరుస కూడా ముఖ్యం. ముందు డ్రైనేజీ, ఎందుకంటే మురుగు జారుడు మీదే పోతుంది, దాన్ని పైకీ కిందకీ జరిపే స్వేచ్ఛ మనకుండదు. తర్వాత మంచినీళ్లు, చివర్లో కేబుళ్లు. ఈ వరుస తిరగబడితే మొన్న వేసిన కేబులునే ఈరోజు మళ్లీ తవ్వాల్సి వస్తుంది. పట్టాల పక్కకు జరిపిన ప్రతి మ్యాన్‌హోలూ పట్టాల కింది కాంక్రీటు స్లాబు అంచుకు కనీసం మీటరున్నర దూరం ఉండాలి. లేకపోతే దాన్ని శుభ్రం చేయాలన్న ప్రతిసారీ ట్రామ్ ఆగుతుంది. పట్టాల కింద అడ్డంగా పోక తప్పనివాటిని హ్యూమ్ పైపు తొడుగులో వేసి, స్లాబు అడుగు నుంచి మీటరు కిందకు దించండి. పక్కనే 150 మి.మీ. ఖాళీ గొట్టాలు నాలుగు అదనంగా పాతిపెట్టండి. రేపు ఇంకో ఫైబర్ కంపెనీ రాకమానదు.

స్లాబు వేసిన ఏడాదికే పట్టాల వెంట తారు పగిలింది, ఒక పక్క పైకి లేచింది

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నెర్రెలు విచ్చుతుంది. ఇది ఒంగోలు వైపు ఎక్కువ. రోడ్డు దీన్ని ఓర్చుకుంటుంది గానీ పట్టా ఓర్చుకోదు, రెండు పట్టాల ఎత్తులో తేడా వస్తే చక్రం పట్టు తప్పుతుంది. నల్లమట్టిని 600 నుంచి 1000 మి.మీ. దాకా తీసేసి, ఉబ్బని గ్రావెల్ మట్టితో పొరలు పొరలుగా రోలరు పెట్టి నింపాలి. దాని మీద 150 మి.మీ. పీసీసీ (కమ్మీలు లేని కాంక్రీటు), ఆ పైన 300 మి.మీ. ఆర్‌సీసీ (కమ్మీలున్న కాంక్రీటు) స్లాబు.

పట్టాను ఆనుకుని తారు చెదిరిపోతుంటే నేల తప్పు కాదు. ఉక్కు కదులుతుంది, తారు కదలదు. 100 మీటర్ల పట్టాకు 30 డిగ్రీల తేడా వస్తే, వదిలేస్తే 34 మి.మీ. సాగాలని చూస్తుంది. పైగా మే నెల ఎండలో పట్టా వేడి గాలి వేడి కంటే 15-20 డిగ్రీలు ఎక్కువ. పట్టాకూ తారుకూ మధ్య 20-30 మి.మీ. ఖాళీ వదిలి సాగే సీలెంటు పోయాలి. ట్రామ్ పట్టా మీద నేరుగా తారు పరిచి రోలరు తిప్పడం మామూలు కాంట్రాక్టర్లు చేసే మొదటి తప్పు.

ఇంకొకటి: సెంటర్లో రోడ్డు నాలుగు వైపులా వంపు తిరిగి ఉంటుంది, పట్టాలకు మాత్రం చదునైన తలం కావాలి. ముందు పట్టాల మట్టం తేల్చుకుని, నాలుగు రోడ్లనూ 30-40 మీటర్ల మేర దానికి తగ్గట్టు మళ్లీ పరవాలి. రోడ్డుకు పట్టాను సరిపెట్టబోతే ఎప్పటికీ కుదరదు.

వాన పడితే సెంటర్లో నీళ్లు నిలుస్తున్నాయి, బండిని పక్క పట్టాకు మళ్లించే పాయింట్లు మారడం లేదు

పట్టాలో చక్రం అంచు దిగే గాడి ఒక చిన్న పిల్లకాలువ అనుకోండి. పైనున్న అర కిలోమీటరు నీళ్లన్నీ మోసుకొచ్చి పల్లంలో పోస్తుంది. మన పల్లం సాధారణంగా సెంటరే. దానికి ఇసుక తోడు. పెన్న ఇసుక ట్రాక్టర్ల నుంచి రాలినది గాడిలో గట్టిపడి, చక్రం అంచు దాని మీదకెక్కితే బండి పట్టాలు తప్పుతుంది.

సెంటరుకు ఎగువన 10-15 మీటర్ల దూరంలో గాడికి అడ్డంగా డ్రెయిన్ బాక్సు పెట్టి గాడి అడుగున చీలిక కోయాలి. చదును రోడ్లలో ప్రతి 30-50 మీటర్లకొకటి. ప్రతి పాయింటు పెట్టెకూ విడిగా 150 మి.మీ. గొట్టం, అది మున్సిపల్ కాలువ నీటిమట్టం కంటే పైనే కలవాలి. కింద కలిపితే కాలువే పెట్టెలోకి ఎగదన్నుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాడి వారానికి రెండుసార్లు గీకి, నీళ్ల జెట్‌తో కడగాలి.

నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం వైపు లైను తిప్పాలనుకునేవాళ్లు అండర్‌బ్రిడ్జిల కింద వానకు నిలిచే నీళ్లను ముందు చూడండి. దానికి గాడిలో డ్రెయిన్ పెట్టడం మందు కాదు, పంపుహౌసు కావాలి.

గ్రీన్ పడ్డా ట్రామ్ కదలడం లేదు, లేదా కుడివైపు తిరిగే ఆటోలు దానికి అడ్డం పడుతున్నాయి

ఫ్రీ లెఫ్టుతో పెద్ద ప్రమాదం లేదు. రోడ్డు మధ్యలో పట్టాలుంటే, కుడికి తిరిగే బండి వెనక నుంచి వచ్చే ట్రామ్ ముందుకు వచ్చి పడుతుంది. అద్దంలో చూసుకునే అలవాటు మనవాళ్లకు ఎంతుందో తెలిసిందే. కుడి మలుపుకు విడిగా ఎర్ర బాణం ఇవ్వాలి, చోటు లేకపోతే మలుపు మూసేసి 200 మీటర్ల అవతల యూటర్న్ ఇవ్వాలి.

సమయం లెక్క ఇలా వేయండి. సెంటర్ వెడల్పు 25 మీటర్లు, బండి 30, మొత్తం 55 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగంతో దాటడానికి 10 సెకన్లు. బండి వస్తున్న సంగతి సిగ్నలుకు 150 మీటర్ల ముందే తెలియాలి. గంటకు 30 కి.మీ. వేగంలో అది 18 సెకన్లు. 15 మీటర్ల రోడ్డు మీద అప్పుడే అడుగుపెట్టిన మనిషి దాటుకోవడానికి సెకనుకు 1.2 మీటర్ల చొప్పున పన్నెండున్నర సెకన్లకు మించి పట్టదు, కాబట్టి సరిపోతుంది.

స్టాపు సెంటరుకు ముందుంటే ఈ లెక్కంతా వృథా. జనం ఎక్కడానికి 20 సెకన్లు పడుతుందో 40 పడుతుందో సిగ్నలుకు తెలియదు, గ్రీన్ వచ్చి పోతుంది. స్టాపును సెంటరు దాటాక పెట్టండి. రద్దీ వేళ కానిస్టేబుల్ ఆటోమేటిక్ ఆపేసి చేత్తో నడిపించడం మన దగ్గర మామూలే, అప్పుడు ట్రామ్ అడిగినది ఎవరికీ వినబడదు. సిగ్నలు స్తంభం పెట్టెలో ‘ట్రామ్’ అని ఒక బటన్, ఒక దీపం తప్పకుండా ఉండాలి.

పట్టాల దగ్గర్లోని ఇనుప పైపులకు చిల్లులు పడుతున్నాయి

కరెంటు పైనున్న తీగలోంచి బండికి వచ్చి పట్టా ద్వారా సబ్‌స్టేషనుకు తిరిగి పోవాలి. కొంత నేలలోకి జారి, పైపు వెంట నడిచి, మళ్లీ పైపును వదిలే చోట ఇనుమును తినేస్తుంది. ఒక ఆంపియరు ఏడాదంతా కారితే దాదాపు 9 కిలోల ఇనుము పోతుంది. పట్టాకు రబ్బరు తొడుగు, సబ్‌స్టేషన్లు కిలోమీటరున్నర నుంచి రెండు కిలోమీటర్లకొకటి, స్లాబు కమ్మీలన్నీ వెల్డు చేసి కారిన కరెంటును పోగుచేసే వల, ఈ మూడూ కలిసే పనిచేస్తాయి.

తొడుగు చిరిగేది కాంక్రీటు పోసేటప్పుడే, వైబ్రేటరు తగిలి. కాబట్టి పట్టా నుంచి నేలలోకి కరెంటు ఎంత కారుతుందో పోయకముందొకసారి, పోశాక ఒకసారి కొలవండి. యూరప్ ప్రమాణం ప్రకారం రోడ్డులో పాతిన లైనుకు ఈ కారుడు కిలోమీటరుకు 2.5 సీమెన్స్ (ఓమ్‌కు తలకిందుల కొలత) మించకూడదు, అంటే 100 మీటర్ల ముక్కకు 4 ఓమ్‌ల కంటే తగ్గకూడదు. తగ్గితే గట్టిపడకముందే ఆ ముక్క విప్పడం మంచిది.

బైకులు జారి పడుతున్నాయి

తడిసిన ఉక్కు నున్నన, గాడి వెడల్పు 36 నుంచి 42 మి.మీ., సైకిలు చక్రం అందులో సరిగ్గా కూర్చుంటుంది. బండ్లు పట్టాను 60 డిగ్రీలకు మించిన కోణంలో దాటేలా గీతలూ డివైడరూ సర్దండి. పాయింట్లూ క్రాసింగులూ బైకులు తిరిగే దారిలో పెట్టకండి. పని జరిగేటప్పుడు గుంతల మీద కప్పే ఇనుప ప్లేట్లు ఇంకా ప్రమాదం. 25 మి.మీ. మందం, పైన గరుకు పూత, అంచున తారు వాలు ఉండాలి.

వినాయకుడి విగ్రహం తీగ కిందకు రాగానే ఊరేగింపు ఆగింది

తీగ ఎత్తు 5.5 నుంచి 6 మీటర్లు. నిమజ్జనం విగ్రహం లారీ మీదుంటే అంతకు మించుతుంది, గడ్డి ట్రాక్టరూ అంతే. సెంటరుకు రెండు వైపులా తీగను ముక్కలుగా విడదీసే సెక్షన్ ఇన్సులేటర్లు పెట్టి, ఆ ముక్కకు మాత్రమే కరెంటు తీసే వీలుంచాలి. తీశాక తాళం వేయాలి, టెస్టరుతో చూడాలి, రెండు చివరలా ఎర్త్ కొక్కెం తగిలించాలి, అప్పుడే పోలీసుకు చెప్పాలి. రంగనాథస్వామి రథోత్సవం, రొట్టెల పండగ తేదీలు ముందే తెలుసు కాబట్టి ఈ ఏర్పాటు ఆఖరి నిమిషానికి వదిలేయకూడదు. బ్యాటరీ బండి కొనే స్తోమతుంటే సెంటర్లో తీగే లేకుండా దాటించవచ్చు.

నెలలు గడుస్తున్నా సెంటరు తెరుచుకోవడం లేదు

సగం మూసి సగం నడపడం చూడ్డానికి దయగా ఉంటుంది గానీ నాలుగు ముక్కలుగా పోసిన స్లాబుకు నాలుగు అతుకులు, నాలుగు క్యూరింగులు. గోనె సంచులు కప్పి తడుపుతూ ఏడు రోజులైనా గడవకముందే బస్సు ఎక్కితే అంచు పొడి పొడి అవుతుంది. ముందే పోసి గట్టిపడనిచ్చిన ప్రీకాస్ట్ స్లాబులు క్రేనుతో దించి, బళ్లన్నీ మినీ బైపాస్ మీదకు మళ్లించి, సెంటరును పూర్తిగా మూసేసి ఒక్కసారే ముగించండి. ఫిబ్రవరి, మార్చి సరైన నెలలు. కరిగిన ఉక్కు పోసి పట్టాలను అతికే థర్మిట్ వెల్డింగుకు పట్టా చివరల మధ్య 25 మి.మీ. ఖాళీ, పొడి అచ్చు కావాలి. అచ్చులో తేమ ఉంటే కరిగిన ఉక్కు పైకి చిమ్ముతుంది, కాబట్టి చినుకు పడుతుంటే ఆ పూటకు గొడుగు కింద కూడా వెల్డు పెట్టొద్దు.