చెన్నై గాలిలోని సూక్ష్మ ధూళి విషతీవ్రతను డీటీటీ పద్ధతిలో కొలవడం ఎలా?

మన దేశంలో 2009 నాటి ప్రమాణాల ప్రకారం గాలిలో పీఎం 2.5 ధూళి (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు) 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదు. ఆ అంకె ధూళి బరువును చెబుతుందే తప్ప, ఆ ధూళి ఊపిరితిత్తులలో ఏమి చేస్తుందో చెప్పదు. చెన్నైలో ఈ తేడా మరీ ముఖ్యం. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఫిల్టరుపై బరువు పెంచుతుంది గానీ రసాయనికంగా అంత చురుకైనది కాదు. వాహనాల బ్రేకులు అరిగి రాలే రాగి, చెత్త తగలబెట్టినప్పుడు పుట్టే క్వినోన్లు అనే సేంద్రియ పదార్థాలు మాత్రం కొద్దిపాటి బరువులోనే తీవ్రంగా చర్య జరుపుతాయి. ఈ చురుకుదనాన్నే ఆక్సీకరణ సామర్థ్యం అంటారు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి కళాశాలల్లో రసాయనశాస్త్రం, పర్యావరణ ఇంజినీరింగ్ చదువుతున్న మన విద్యార్థులు సాధారణ ప్రయోగశాలలోనే దీనిని కొలవవచ్చు.

డైథయోత్రైటాల్, క్లుప్తంగా డీటీటీ, ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకునే పదార్థం. ధూళిలోని లోహాలు, క్వినోన్లు దాని నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని ఆక్సిజన్‌కు అందించి సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని పుట్టిస్తాయి. శరీరంలో ఎలక్ట్రాన్లను అందించే సహజ పదార్థాలకు బదులుగా ఇక్కడ డీటీటీని వాడుతున్నాము కనుక, అది ఎంత వేగంగా తరిగితే ధూళి అంత చురుకైనదని భావించాలి.

నమూనా కోసం నిమిషానికి 16.7 లీటర్ల గాలిని పీల్చే సాంప్లర్‌ను, టెఫ్లాన్ ఫిల్టరును వాడండి. 24 గంటల్లో దాదాపు 24 ఘనపు మీటర్ల గాలి దాని గుండా పోతుంది. మణలి వంటి పారిశ్రామిక ప్రాంతంలో ఒకటి, తీరానికి దగ్గరగా మరొకటి పెడితే పోలిక అర్థవంతంగా ఉంటుంది. వీలైతే భోగి రోజును, దానికి ముందు, తరువాతి రోజులను కూడా కలుపుకోండి. తెల్లవారుజామున పాత సామాను, టైర్లు తగలబెట్టే పొగ ఫిల్టరును ఎంత నల్లగా మారుస్తుందో కళ్లారా చూస్తారు.

ఇక్కడి తేమ వల్ల తూకంలో తప్పు దొర్లే అవకాశం ఎక్కువ. ఉప్పు పట్టిన ఫిల్టరు గాలిలోని తేమను పీల్చుకుని బరువెక్కుతుంది. అందువల్ల గాలిని పీల్చక ముందు, తరువాత కూడా ఫిల్టర్లను 20 నుంచి 23 డిగ్రీల ఉష్ణోగ్రత, 30 నుంచి 40 శాతం తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచి, ఆ తరువాతే మైక్రోబ్యాలెన్స్‌పై (అతి సున్నితమైన త్రాసుపై) తూచాలి. తూచిన ఫిల్టరును పట్టకారుతో అంచు మాత్రమే పట్టుకుని అల్యూమినియం రేకులో చుట్టి, మైనస్ 20 డిగ్రీల వద్ద భద్రపరచాలి. సాంప్లర్ దాకా తీసుకెళ్లి గాలి పీల్చకుండానే వెనక్కు తెచ్చిన ఖాళీ ఫిల్టరు ఒకటి తప్పక ఉండాలి. అది లేని కొలతను నేనైతే నమ్మను.

ఫిల్టరును శుద్ధజలంలో ముంచి అల్ట్రాసోనిక్ తొట్టిలో ఉంచితే కరిగే పదార్థాలు నీటిలోకి దిగుతాయి. తొట్టి నీటిని మంచుతో చల్లగా ఉంచండి. ఎక్కువసేపు ఉంచితే అల్ట్రాసౌండే రాడికల్స్ అనే చురుకైన కణాలను కొత్తగా పుట్టిస్తుంది. ఇలా పదార్థాలు దిగిన నీటిని, అంటే సారాన్ని, 0.45 మైక్రాన్ల సిరింజి ఫిల్టరుతో వడకట్టండి.

అసలు చర్య 37 డిగ్రీల వద్ద, 7.4 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో జరగాలి. బఫర్‌లోనే లోహపు మలినాలుంటే అవే డీటీటీని తినేస్తాయి కాబట్టి ముందుగా దానిని లోహాలను పట్టేసే చెలెక్స్ రెజిన్ గుండా పోనివ్వాలి. 3.5 మిల్లీలీటర్ల సారం, 1 మిల్లీలీటరు బఫర్, అప్పటికప్పుడు తయారుచేసిన 1 మిల్లీమోలార్ డీటీటీ అర మిల్లీలీటరు కలిపితే డీటీటీ గాఢత 100 మైక్రోమోలార్లవుతుంది. ప్రారంభంలోను, ఆ తరువాత 10, 20, 30, 40 నిమిషాలకు కొద్దికొద్దిగా బయటకు తీసి ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో చర్యను ఆపండి. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. తరువాత ఈడీటీఏ (లోహాలను బంధించే పదార్థం) ఉన్న ట్రిస్ బఫర్, డీటీటీతో కలిసి రంగునిచ్చే డీటీఎన్‌బీ కలిపితే మిగిలిన డీటీటీ మేరకు పసుపు రంగు వస్తుంది. మొదటి క్యువెట్ (కొలిచే చిన్న పారదర్శక గొట్టం) నిండు పసుపుగాను, నలభయ్యో నిమిషానిది కాస్త వెలిసినట్టుగాను కనబడుతుంది. ఆ తేడాను 412 నానోమీటర్ల వద్ద స్పెక్ట్రోఫోటోమీటరుతో చదివి, తెలిసిన డీటీటీ గాఢతలతో గీసిన ప్రామాణిక రేఖ ద్వారా నానోమోల్‌లలోకి మార్చండి. పద్ధతి సరిగా పనిచేస్తోందో లేదో తెలియడానికి, డీటీటీని తరిగిస్తుందని ముందే తెలిసిన ఫినాంత్రీన్ క్వినోన్‌ను అదే విధంగా పరీక్షించాలి.

ఉదాహరణకు, ఫిల్టరుపై 720 మైక్రోగ్రాముల ధూళి చేరిందని, దానిని 35 మిల్లీలీటర్ల నీటిలో దింపారని అనుకుందాం. చర్యకు వాడినది అందులో పదో వంతు, అంటే 72 మైక్రోగ్రాములు, 2.4 ఘనపు మీటర్ల గాలికి సమానం. ఖాళీ ఫిల్టరు విలువ తీసివేశాక డీటీటీ నిమిషానికి 1.2 నానోమోల్‌ల చొప్పున తరిగితే, నిమిషానికి మైక్రోగ్రాము ధూళికి దాదాపు 16.7 పికోమోల్‌లు (నానోమోల్‌లో వెయ్యో వంతు పికోమోల్), ఘనపు మీటరు గాలికి 0.5 నానోమోల్‌లు వస్తాయి. మొదటి అంకె ధూళి స్వభావాన్ని, రెండోది మనిషి పీల్చే మోతాదును తెలుపుతుంది, రెండూ రాయాలి. రాగి గాఢతకు, డీటీటీ తరుగుదలకు సరళ సంబంధం లేదు కనుక, పోల్చే నమూనాలన్నింటినీ దాదాపు ఒకే ధూళి గాఢత వద్ద పరీక్షించాలి. మిగిలిన సారాన్ని పారబోయకుండా రాగి, మాంగనీసు పరిమాణాలను కొలిపిస్తే, చురుకుదనం లోహాల వల్ల వచ్చిందా, పొగలోని సేంద్రియ పదార్థాల వల్ల వచ్చిందా అన్నది అంచనా వేయవచ్చు.