విజయవాడ గవర్నర్‌పేటలోని బీసెంట్ రోడ్డుకి షాపింగ్‌కి వెళ్లే ముందు: ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, ఆపుకోలేని తొందరపాటు) ఉన్న పెద్దవాళ్లకు జాగ్రత్తలు

☐ కొనాల్సినవి కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో వద్దు, తీయగానే ధ్యాస ఇంకెటో పోతుంది.

☐ సరిపడా నగదే తీసుకెళ్లండి. నోటు చేయి దాటుతుంటే తెలుస్తుంది, యూపీఐలో తెలియదు.

☐ ఆకలితో, నిద్ర చాలకుండా వెళ్లకండి.

☐ ఏడీహెచ్‌డీకి వాడే మందు మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర సుమారు 3-4 గంటలే పనిచేస్తుంది. ఆ వేళలోనే షాపింగ్ ముగించండి. డోసు మాత్రం డాక్టర్ని అడగకుండా మార్చకండి.

☐ అన్నిటికన్నా కష్టం ఇది. "ఇదొక్కటే పీసు మేడమ్, మళ్లీ రాదు" అనగానే చెయ్యి పర్సులోకి పోతుంది. నాకు గుండె కూడా దడదడలాడుతుంది. బుద్ధి తక్కువై కాదు, మెదడులో బ్రేకు ఆలస్యంగా పడుతుంది. చీర కౌంటర్ మీద పెట్టేసి రోడ్డు మీదికి వచ్చేయండి. దాని ధర కాగితం వెనక రాసుకోండి. రేపటికీ కావాలనిపిస్తే, గవర్నర్‌పేట ఎక్కడికీ పోదు.