కరిగిన కొవ్వు ఎటు పోతుంది? సమతాస్థితిని బట్టీ పట్టకుండా నేర్చుకునే పద్ధతి

నేను జీవశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన మూడో ఏడు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఎవరైనా పది కిలోలు సన్నబడితే ఆ కొవ్వంతా ఎటు పోతుంది?" అని అడిగింది. "శక్తిగా మారి ఖర్చయిపోతుందమ్మా" అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా. ఆ పిల్ల కూర్చోలేదు. "రసాయన చర్యలో ద్రవ్యరాశి మాయం కాదని కెమిస్ట్రీ సార్ చెప్పారు కదా సార్?" క్లాసంతా గొల్లుమంది. నాకు చెమటలు పట్టాయి. ఆ చెమట ఒళ్లు చల్లబరచడానికి పట్టింది మాత్రం కాదు.

కరిగిన కొవ్వు పది కిలోలైతే అందులో దాదాపు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితోనే బయటికి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఈ సంగతి డిగ్రీ చదివిన నాకు తట్టకపోవడానికి కారణం ఒకటే. ఒంటి లోపలి పరిస్థితులు దాదాపు ఒకేలా నిలిచే సమతాస్థితిని ఒక పాఠంగా, కణాలు ఆహారాన్ని విడగొట్టి శక్తి తీసే శ్వాసక్రియను ఇంకో పాఠంగా, రెంటినీ విడివిడిగా బట్టీ పట్టాను. ఆ తర్వాత నేను చెప్పే పద్ధతే మార్చుకున్నాను. దానికి ఒక తెల్లకాగితం, ఆరు గుండీలు, ఎక్కడానికి మెట్లు, కాస్త సున్నపుతేట ఉంటే చాలు.

ముందు కాగితం. రక్తంలో గ్లూకోజ్ ఒక్కటే తీసుకోండి. ఉష్ణోగ్రత, ఉప్పు, నీరు అన్నీ ఒకేసారి పెట్టుకుంటే బుర్ర వేడెక్కుతుంది. పరగడుపున అది డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని పుస్తకంలో ఉంటుంది. అంతటితో వదిలేయకుండా ఒక లెక్క కట్టండి. ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 50 డెసిలీటర్లు. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములనుకున్నా మొత్తం 5 గ్రాములే. ఒక చిన్న చెంచాడు! ఒంట్లో ఉన్న రక్తమంతటిలో ఏ క్షణాన చూసినా ఉండే చక్కెర అంతే. ఈ లెక్క స్వయంగా కట్టిన పిల్లలకు కాలేయం ఎందుకంత కష్టపడుతుందో నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు. అది సుమారు 100 గ్రాముల గ్లూకోజ్‌ను గ్లైకోజెన్‌గా దాచుకుని, చెంచాలో తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంటుంది.

ఇప్పుడు కాగితం మధ్యలో అడ్డంగా గీత గీయండి. తిన్నగా కాదు, అలలా. 1926లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ సమతాస్థితికి హోమియోస్టాసిస్ అనే పేరు పెట్టినప్పుడు 'ఒకేలా' అనే అర్థమొచ్చే మాట కాకుండా 'దాదాపు ఒకేలా' అనే అర్థమొచ్చే మాటనే ఎంచుకున్నాడు. అల పైకి లేచిన చోట మూడు ప్రశ్నలు రాయండి: కనిపెట్టింది ఎవరు? కబురు ఏది? పని చేసింది ఎవరు? భోజనం తర్వాత గ్లూకోజ్ పెరిగితే కనిపెట్టేది క్లోమంలోని బీటా కణాలు, కబురు ఇన్సులిన్, పని చేసేది కాలేయం, కండరాలు, కొవ్వు కణాలు. అల కిందికి దిగిన చోట ఆల్ఫా కణాలు, గ్లూకగాన్, మళ్లీ కాలేయం. మార్పు ఎటు వస్తే దానికి ఎదురు పని చేయడమే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. నెగటివ్ అంటే చెడ్డదని రాసే పిల్లలు ఏటా నలుగురైనా తేలతారు.

ఇక గుండీలు. ఆరు గుండీలు వరసగా పేర్చండి. ఒక్కో గుండీ ఒక కార్బన్, ఆరూ కలిస్తే గ్లూకోజ్. కణద్రవ్యంలో ఇది మూడు, మూడుగా విడిపోతుంది. అవే రెండు పైరువేట్లు. ఇక్కడిదాకా ఆక్సిజన్‌తో పనే లేదు, చేతికి మిగిలేది 2 ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలోకి వెళ్లగానే ఒక్కో ముక్కలోంచి ఒక గుండీ తీసి పక్కన పెట్టండి. అది కార్బన్ డయాక్సైడ్. మిగిలిన రెండేసి గుండీలు క్రెబ్స్ వలయం అనే గుండ్రంగా తిరిగే చర్యల వరసలోకి దిగుతాయి. వలయం తిరిగేసరికి లెక్కలో అవీ బయటే. చేతిలో ఒక్క గుండీ లేదు, ఆరూ ఊపిరిలోకి పోయాయి. చివర్లో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందుకుని నీరవుతుంది. మొత్తం ఏటీపీలు పాత పుస్తకాల్లో 36 లేదా 38, ఇప్పటి లెక్కల్లో 30 నుంచి 32. నన్నడిగితే ఆ అంకె కోసం టెన్షన్ పడొద్దు, గుండీల లెక్క తప్పకపోతే చాలు. కొవ్వు ఆమ్లాల పొడవాటి గొలుసుల్ని కణం రెండేసి గుండీలుగా తెంపి ఇదే వలయంలోకి పంపుతుంది. ప్రోటీన్లయితే ముందు నైట్రోజన్ భాగాన్ని ఊడదీయాలి, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది.

తర్వాత మెట్లు. రెండు గాజుగ్లాసుల్లో సమానంగా సున్నపుతేట పోయండి. కూర్చుని ఉన్నప్పుడు మొదటి గ్లాసులోకి స్ట్రాతో మెల్లగా ఊదండి. పీల్చకూడదు, నోట్లోకి పోతే మండుతుంది, కళ్లలో అసలు పడకూడదు. తేట పాలలా తెల్లబడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. మూడు అంతస్తులు గబగబా ఎక్కి వచ్చి రెండో గ్లాసులోకి ఊదండి. ఈసారి తొందరగా తెల్లబడుతుంది. కండరాల్లో గుండీలు ఎంత జోరుగా ఊడుతున్నాయో కంటికి కనిపిస్తుంది. ఊదడం ఆపకండి. కాసేపటికి ఆ తెలుపు విరిగి నీళ్లు మళ్లీ తేటపడతాయి, ఎందుకంటే అక్కడ బైకార్బనేట్ తయారైంది. రక్తం కూడా కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బైకార్బనేట్‌ రూపంలోనే మోస్తుంది. రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్యే నిలవడంలో దాని పాత్ర పెద్దది.

మెట్లెక్కాక ఆయాసం ఎందుకొచ్చిందంటే "ఆక్సిజన్ చాలక" అంటారు అందరూ. మామూలుగా ఊపిరి జోరును ఎక్కువగా నడిపేది పేరుకునే కార్బన్ డయాక్సైడే. దానివల్ల ఆమ్లత్వం పెరిగితే మెదడు అడుగున ఉండే మజ్జాముఖం పసిగట్టి ఊపిరిని తొందరపెడుతుంది. ఈ ఒక్క వాక్యంలో నా రెండు పాఠాలూ కలిసిపోయాయి.

చివరగా కాగితాన్ని తిరగేసి జ్వరం మీద అదే అల గీయండి. మూడు ప్రశ్నలకు జవాబులు రాస్తూ ఒక చిక్కు దగ్గర ఆగుతారు: ఒళ్లు కాలిపోతుంటే చలేమిటి? జ్వరంలో మెదడులోని హైపోథాలమస్, అల ఏ గీత చుట్టూ ఊగుతుందో ఆ గీతనే పైకి జరుపుతుంది. గీత 39 డిగ్రీల దగ్గరికి పోయి, ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంటే, శరీరం లెక్కలో ఒళ్లు చల్లగా ఉన్నట్టే, అందుకే వణుకు. వణికే కండరాలు గుండీల్ని ఇంకా వేగంగా ఊడదీసి వేడి పుట్టిస్తాయి. గీత మళ్లీ కిందికి దిగినప్పుడు ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ చెమటను మీ కాగితం మీద అలకు ఏ వైపు పెట్టాలో మీరే గీసి చూడండి.