ఏ నిర్ణయం తీసుకోవాలో తెలియనప్పుడు దేవుణ్ణి ఎలా అడగాలి?

ఉద్యోగం మారాలా? ఈ సంబంధానికి ఒప్పుకోవాలా? రెండు దారులూ బాగానే కనిపించినప్పుడే టెన్షన్ ఎక్కువ. ప్రార్థన చేస్తాం, కానీ చాలాసార్లు మనసులో ఒకటి ఖాయం చేసుకున్నాకే మోకరిస్తాం.

అందుకే మొదటి పని, మాట ఇవ్వకముందే అడగడం. యెహోషువ 9వ అధ్యాయంలో గిబియోనీయులు బూజు పట్టిన రొట్టెలు, చినిగిన తిత్తులు చూపించి దూరదేశం నుంచి వచ్చామని నమ్మించారు. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెలు చూశారు గానీ యెహోవాను అడగలేదు. వాళ్లతో సంధి చేసుకుని ప్రమాణం చేసిన 3 రోజులకు వాళ్లు పొరుగువాళ్లేనని తెలిసింది. ఆధారాలు ఎంత గట్టిగా కనిపించినా, "ఆలోచించి చెబుతాను" అనడానికి మొహమాటపడకండి.

తర్వాత, ప్రశ్నను విడగొట్టండి. "నీ చిత్తం చూపించు ప్రభువా" అని ఒక్క ముక్కతో ఆపేస్తే మనకేం కావాలో మనకే స్పష్టంగా ఉండదు. 1 సమూయేలు 23లో దావీదును చూడండి. కెయీలా అనే ఊరి మీద శత్రువులైన ఫిలిష్తీయులు పడ్డారు. "నేను వెళ్లనా?" అని అడిగాడు, వెళ్లమన్నాడు దేవుడు. తన మనుషులు భయపడితే మళ్లీ అడిగాడు, మళ్లీ అదే జవాబు. ఊరిని రక్షించాక ఇంకో రెండు ప్రశ్నలు: నన్ను తరుముతున్న సౌలు రాజు ఇక్కడికి వస్తాడా? ఈ ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా? రెండింటికీ అవుననే జవాబు వచ్చింది. వెంటనే సుమారు 600 మందితో అక్కడి నుంచి కదిలాడు. నాకు ఈ అధ్యాయమంటే ఎంతో ఇష్టం. అడిగిందే మళ్లీ అడిగినా దేవుడు కసురుకోలేదు. గద్దించకుండా ఇస్తాడని యాకోబు 1:5 కూడా చెబుతోంది.

దావీదు ఏఫోదు (దేవుణ్ణి అడగడానికి వాడిన యాజకుని వస్త్రం) తెప్పించుకుని అడిగాడు. మన చేతిలో వాక్యం ఉంది. అబద్ధమాడాల్సిన దారి, ఒకరిని మోసం చేయాల్సిన దారి అయితే దాని గురించి వేరే ప్రార్థన అక్కర్లేదు. జవాబు ముందే రాసి ఉంది.

మీకు "వద్దు" అని చెప్పగల ధైర్యమున్న విశ్వాసులు ఇద్దరు ముగ్గురిని సలహా అడగండి.

గుర్తుల విషయంలో జాగ్రత్త. న్యాయాధిపతులు 6లో గిద్యోను గొర్రెబొచ్చు పరచి, దాని మీద మంచు పడాలని గుర్తు అడిగింది దేవుడు స్పష్టంగా మాట్లాడిన తర్వాతే. దేవుడు ఓర్చుకున్నాడు, కానీ దాన్ని పద్ధతిగా పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. భయం వేసిందంటే దేవుడు వద్దన్నాడనీ అనుకోకండి. కెయీలాకు వెళ్లినవాళ్లు భయపడుతూనే వెళ్లారు.

ఇంకా ఏమీ తేలకపోతే చేతిలో ఉన్న పని నమ్మకంగా చేస్తూ ఉండండి. అపొస్తలుల కార్యములు 16లో పౌలుకు ఆసియ (అప్పటి రోమా పరగణా), బితూనియ ప్రాంతాల్లో దారి మూసుకుపోయింది. ఆయన ప్రయాణం ఆపలేదు. త్రోయ చేరాకే మాసిదోనియ దర్శనం వచ్చింది. అక్కడికి వెళ్తే ఫిలిప్పీలో దెబ్బలు, చెరసాల! అయినా ఆయన దారి తప్పలేదు. కాబట్టి ఏం అడిగారో, ఏ వాక్యం కనబడిందో, ఎవరేమన్నారో తేదీ వేసి రాసి పెట్టుకోండి. కష్టం వచ్చిన రోజున మీ నిర్ణయాన్ని అనుమానించే ముందు ఆ పేజీ తీసి చదవండి.