హమ్మింగ్‌బర్డ్ వచ్చి, తాగకుండా పోతుంటే (నా అనుభవం)

మేముండేది అమెరికాలో డాలస్ దగ్గర. హమ్మింగ్‌బర్డ్ (పూలతేనె తాగే చిన్న పిట్ట) కోసం పెరట్లో ఫీడర్, అంటే తీపినీళ్ల సీసా, కట్టి రెండు వేసవులైంది. పిట్ట రావడం, ఒకసారి ముక్కు పెట్టడం, తుర్రుమనడం. అంతే. ఎర్రరంగు కలిపిన ప్యాకెట్ నీళ్లు, ఇంకో ఫీడర్, ఎర్ర రిబ్బను: ఏదీ పనిచేయలేదు. (అమ్మ ఫోన్లో తేనె కలపమంది. త్వరగా పులుస్తుందని కలపలేదు.)

ఒకరోజు ఫీడర్ మొత్తం విప్పాను. ప్లాస్టిక్ పువ్వు మధ్య బెజ్జంలో, లోపలివైపు నల్లటి బూజు! పైకేమో అద్దంలా మెరుస్తోంది.

ముందు వేడినీళ్లలో నానబెట్టి, సన్న బ్రష్‌తో ఒక్కో బెజ్జం తోమాను. సబ్బు వాసన పోయేదాకా కడిగాను. తర్వాత కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్లు. మామూలు తెల్ల పంచదారే, బెల్లం వద్దు. కరిగి చల్లారాక సీసాలో పావువంతే పోశాను. ఎండలోంచి తీసి, ఎర్ర సాల్వియా పూల కుండీ పక్కన, మధ్యాహ్నం నీడ పడే చోట కట్టాను. ఎండలు తగ్గలేదు కాబట్టి రోజు విడిచి రోజు కడిగి, నీళ్లు మార్చాను.

నాలుగో రోజు పొద్దున ఒక మగ రూబీ థ్రోటెడ్ (ఎర్ర గొంతు రకం) పిట్ట తీరిగ్గా కూర్చుని తాగింది. గొంతు నల్లగానే కనిపించింది, తల తిప్పగానే నిప్పుకణికలా మెరిసింది.

పనిచేసింది శుభ్రతా, నీడా, సాల్వియానా అంటే చెప్పలేను, మూడూ ఒకేసారి మార్చేశాను. పైగా అది సెప్టెంబరు, అవి దక్షిణానికి వలసపోయే కాలం. ఆ రద్దీ కూడా కలిసొచ్చి ఉండొచ్చు. ఇండియాలో ఉన్నవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ కనిపించేవి తేనెపిట్టలు, వాటి కుటుంబమే వేరు.